నూట పది హెచ్.పి. హ్యాచరీ

ఆదివారం పొద్దున గోపీనాథ్ పెట్టుకున్న పనులు పెద్దవేమీ కావు. కారు కడగాలి, మైనం రాసి తుడవాలి, భార్య నవ్యను ఎక్కించుకుని చిలకలపూడి పాండురంగస్వామి దర్శనం చేసుకుని రావాలి. మామగారు కోదండరామయ్య దివిసీమ నుంచి వస్తానన్నారు. ఆయన మచిలీపట్నంలో దిగేసరికి భోజనాల వేళవుతుంది కాబట్టి తొందర లేదనుకున్నాడు.

మామగారు తన కారు చూడటానికి వస్తున్నారన్న మాట తలుచుకున్నప్పుడల్లా అతనికి చొక్కా బిగుతవుతున్నట్టుండేది. పెళ్లయిన నాటి నుంచి ఆయన ఫోనులో అల్లుడితో అన్న మాటలన్నీ కలిపితే ఇంతే: "బాగున్నారా? అమ్మాయికివ్వండి." అవనిగడ్డ అవతల రొయ్యల చెరువులు తవ్వి, మునిగి, లేచి, మళ్లీ మునిగి నిలబడ్డ మనిషి ఆయన. గుడివాడ బీమా ఆఫీసుకు వెళ్లి, సాయంత్రం దాకా కుర్చీలో కూర్చుని వచ్చే అల్లుడితో ఏం మాట్లాడాలో ఆయనకు తోచేది కాదు. అలాంటిది ఈ కారు కొన్నప్పటి నుంచి ఆయన కూతురికి ఫోను చేసి మరీ, "అల్లుడుగారున్నారా, ఒకసారివ్వమ్మా" అంటున్నారు.

కారు కొత్తదేమీ కాదు. ఉయ్యూరు డాక్టరొకాయన వాడి అమ్మేసిన ఎర్ర కారు. ఒళ్లు చిన్నది, ఇంజను మాత్రం పెద్ద కార్లకు చెమట పట్టించేది. మోజున్నవాళ్లు ఇలాంటివాటిని హాట్ హ్యాచ్ అంటారు. ఆ మాటంటే గోపీనాథ్‌కు ఎంతిష్టమంటే, కొన్న రోజే మామగారికి ఫోను చేసి ఆ మాటే చెప్పాడు. అప్పుడాయన చెరువు గట్టు మీద ఉన్నారు. నీళ్లలోకి గాలి కొట్టే ఫ్యాన్లు హోరెత్తుతున్నాయి.

"మావయ్యగారూ, హాట్ హ్యాచ్ కొన్నానండీ!"

"ఏంటీ? హ్యాచరీయా?"

"ఆఁ, అదేనండీ! పాతదే అనుకోండి. చూడ్డానికి చిన్నది గానీ లోపల సరుకుంది."

"పాతదైతేనే మంచిది, అన్నీ సెట్టయి ఉంటాయి. ఎన్ని హెచ్.పి. అండీ?"

"నూట పదండీ."

కోదండరామయ్య చెరువులన్నిటి మోటార్లూ కలిపినా అందులో సగం రావు. రొయ్య పిల్లల్ని పుట్టించి రైతులకు అమ్మే హ్యాచరీ పెట్టాలన్నది ఆయన పాత కోరిక. తనవల్ల కాలేదు. గుమాస్తా అనుకున్న అల్లుడు, ఎవరికీ చెప్పకుండా, నూట పది హెచ్.పి.ది కొన్నాడు!

"మీ మనసులో ఇంతుందని నాకు తెలీదండీ, అల్లుడుగారూ," అన్నారు. గోపీనాథ్ కళ్లు చెమర్చాయి. నాలుగు కిలోమీటర్ల అవతలి టవరు నుంచి వచ్చే ఫోను మాటే ఇలా చేరితే, మనం గుళ్లో గంటల మధ్య గొణిగే కోరికలు ఆ పైకి ఏ రూపంలో చేరుతున్నాయో ఎవరికి తెలుసు?

ఆ తర్వాత గోపీనాథ్ ఆగలేదు. జీతం వచ్చినప్పుడల్లా కోనేరు సెంటరు వెనక అఫ్జల్ గ్యారేజీకి వెళ్లి ఏదో ఒకటి బాగు చేయించేవాడు. ముందు టైర్లు మారాయి. తర్వాత స్ప్రింగులు మార్పించి కారును నేలకు దగ్గరగా దింపాడు. గాలి ఫిల్టరు, సైలెన్సరు, ఏసీకి కొత్త గ్యాసు, డిక్కీ నిండా పాటల పెట్టె. అఫ్జల్ మాత్రం ఒక్కోసారి, "సార్, ఇది బండండీ, పెళ్లికూతురు కాదు," అనేవాడు. జరిగిన ప్రతి పనీ గోపీనాథ్ మామగారికి చెప్పేవాడు.

"దించానండీ మావయ్యగారూ!"

"ఎంత దించారు?"

"రెండంగుళాలు."

"మంచిపని. దించితేనే మంచిది, మట్టం ఎక్కువుండకూడదు. గాలెలా ఉంది?"

"టర్బో ఉందిగదండీ. కొత్త ఫిల్టరేశాక గాలి బ్రహ్మాండంగా లాగుతోంది. గుడివాడ రోడ్డెక్కితే తేలిపోవడమే!"

"అమ్మమ్మమ్మ, తేలిపోవడం అనే మాట మాత్రం అనకండి! పాండురంగా!" అని ఆయన చెంపలేసుకున్న చప్పుడు ఇక్కడికి వినిపించింది. ఆయన భాషలో తేలిపోవడమంటే రొయ్యలు చచ్చి నీటిపైకి రావడం. వేగం వద్దంటున్నారు కాబోలు, పెద్దవారి ప్రేమ అనుకున్నాడు గోపీనాథ్.

బెజవాడ తీసుకెళ్లి ఇంజను కంప్యూటరులో మార్పులు చేయించిన రోజున, "స్టేజ్ వన్ అయిపోయిందండీ. స్టేజ్ టూకి వెళ్లమంటారా?" అని అడిగాడు.

"తొందరపడకండి," అన్నారాయన, రొయ్య పిల్ల ఎదిగే దశలనుకుని. "ఒక స్టేజీలో గట్టిపడ్డాకే ఇంకో స్టేజీ. ఆదివారం మేమొస్తాం. మన చెరువుకి కూడా ఈసారి మీదే."

"తప్పకుండానండీ! మీ చెరువు దాకా నేనే తీసుకొస్తాను."

ఆ ఒక్క మాట నమ్ముకుని కోదండరామయ్య మంగినపూడి దగ్గర వేరే హ్యాచరీలో తాను చెప్పి ఉంచుకున్న సీడు, అంటే రొయ్య పిల్లలు, వద్దని కబురు పెట్టేశారు. చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, నీళ్లు పెట్టి, ఆ నీళ్లకు సరైన రంగు వచ్చేదాకా కాపు కాశారు. ఆదివారం పిల్ల పడాలి. పడకపోతే ఆ నీళ్లూ, ఆ కష్టమూ అన్నీ మళ్లీ మొదటికి వస్తాయి.

*

భోజనాల వేళకి కాదు, గోపీనాథ్ ఇంకా రెండో బకెట్టు నింపుకుంటుండగానే ఆటో వచ్చి ఆగింది. ఇస్త్రీ పంచెలో కోదండరామయ్య దిగారు. వెనకే పక్క చెరువు రైతు హనోకు, ఒక చేతిలో బంతిపూల దండ, కొబ్బరికాయ, చంకలో పెద్ద ఫ్లెక్సీ చుట్ట.

"చల్లటి పూటే పని కావాలని పొద్దున్నే వచ్చేశాం," అంటూ కోదండరామయ్య ఎర్ర కారు పక్క నుంచి నడిచి వెళ్లి నవ్యను అడిగారు. "ఏదమ్మా, ఎక్కడ?"

"ఇక్కడే నాన్నా, వాకిట్లోనే."

ఆయన వాకిలంతా చూశారు. "ట్యాంకులేవీ?"

"ట్యాంకా? వెనకాల, కుడివైపు. నిన్ననే ఫుల్ చేయించారు."

ఇద్దరూ ఇంటి వెనక్కి, కుడివైపుకి వెళ్లారు. అక్కడ కుళాయి కింద ఒక తొట్టి ఉంది. హనోకు వంగి చూశాడు.

"బావగారూ, ఇందులో అంట్లున్నాయండీ."

ఈలోగా తడిచేతులతో గోపీనాథ్ పరిగెత్తుకొచ్చాడు. "అటెళ్లారేంటండీ! ఇదుగో, ఇటు రండి!" అని తీసుకొచ్చి, కారు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. బడిలో బహుమతి అందుకున్న పిల్లాడి మొహం అతనిది.

"ఇది కారు," అన్నారు కోదండరామయ్య.

"అవునండీ! హాట్ హ్యాచ్!"

"హ్యాచరీ ఏది?"

"హ్యాచరీ ఏంటండీ?"

"నూట పది హెచ్.పి. అన్నారు!"

"ఇందులోనే ఉన్నాయండీ, నూట పదీ." బానెట్ ఎత్తి చూపించాడు కూడా.

హనోకు వంగి ఇంజను చూశాడు. "బావగారూ, అల్లుడుగారు కొన్నది హ్యాచరీ కాదండీ. కారు," అన్నాడు.

"నాకూ కళ్లున్నాయి హనోకూ."

ఆ తొట్రుపాటులో హనోకు చంకలోని ఫ్లెక్సీ జారి వాకిట్లో పరుచుకుంది. అందులో పెళ్లినాటి బాసికంతో గోపీనాథ్ ఆకాశం వైపు చూస్తున్నాడు. కింద పెద్ద అక్షరాలు: 'దివిసీమ రొయ్య రైతుల ఆశాకిరణం, హ్యాచరీ అధినేత శ్రీ గోపీనాథ్ గారికి శుభాభినందనలు.' చుట్టూ నాలుగు రొయ్యలు నమస్కారం పెడుతున్నాయి.

"ఇలాంటిదే ఇంకోటి నిన్న సాయంత్రం నుంచి అవనిగడ్డ సెంటర్లో కట్టి ఉందండీ," అన్నాడు హనోకు చిన్నగా.

కోదండరామయ్య అరుగు మీద కూర్చున్నారు. కోప్పడి ఉంటే గోపీనాథ్‌కు తేలికగా ఉండేది. ఆయన కోప్పడలేదు. కండువాతో మొహం తుడుచుకుని, "చెరువు నిండా నీళ్లున్నాయి. పిల్ల లేదు," అన్నారు అంతే. తర్వాత కూతురితో, "మంచినీళ్లివ్వమ్మా," అన్నారు. అల్లుడి వైపు చూడలేదు. ఇన్ని నెలల మాటలూ ఆ ఒక్క చూపు తిప్పుకోవడంతో వెనక్కి పోయాయని గోపీనాథ్‌కు అర్థమైంది.

"ముందు ఆ మంగినపూడి వాళ్లకి ఫోను చెయ్యండి నాన్నా," అంది నవ్య గ్లాసు అందిస్తూ. "తర్వాత బాధపడచ్చు."

అక్కడి మేనేజరు దుర్గాశ్రీనివాస్ ఫోనెత్తాడు. కోదండరామయ్యగారి సీడు ఎప్పుడో వేరేవాళ్లకి ఇచ్చేశామన్నాడు. అయితే ఒక రైతు రాలేదని, ఒక చిన్న చెరువుకు సరిపడా మిగిలిందని చెప్పాడు. "కానీ మా ఏసీ బండి కైకలూరు వెళ్లిపోయిందండీ. ఎండెక్కకముందు మీరే ఏదైనా చల్లటి బండి తెచ్చుకుంటే ప్యాక్ చేసిస్తాను. మామూలు ఆటోలో అయితే దారిలోనే పోతాయి."

అందరూ కారు వైపు చూశారు.

"ఏసీకి పోయిన నెలే గ్యాసు పెట్టించానండీ," అన్నాడు గోపీనాథ్, ఎవరితోనో అన్నట్టు.

ఇక అతను ఆగలేదు. ఎంతో ముచ్చటపడి పెట్టించుకున్న పాటల పెట్టెను వైర్లతో సహా పెరికి అంట్ల తొట్టి పక్కన పడేశాడు. వెనక సీటు మడిచేశాడు. మంగినపూడిలో ఆక్సిజన్ నింపిన సీడు సంచుల డబ్బాలు కప్పు దాకా పేర్చారు. వెనక అద్దంలోంచి ఎండ పడకుండా ఫ్లెక్సీ అడ్డం కట్టారు. ఎర్ర కారు వెనక నుంచి బాసికం కట్టుకున్న గోపీనాథ్ లోకాన్ని చూస్తున్నాడు. హనోకుకి చోటుండదు కాబట్టి, ఊళ్లో బస్టాండుకెళ్లి అవనిగడ్డ బస్సెక్కి రమ్మని ముందే చెప్పారు.

చల్లపల్లి రోడ్డు మీద మొదటి స్పీడు బ్రేకరు వచ్చింది. కారు కింద నుంచి గర్ర్‌ర్‌మని శబ్దం. గోపీనాథ్ బ్రేకు తొక్కాడు.

"ఏమైంది?"

"బరువుకి కింద ఆనుతోందండీ. మీరు కొంచెం దిగితే..."

కోదండరామయ్య పంచె ఎగ్గట్టి దిగి, స్పీడు బ్రేకరు నడిచి దాటి, మళ్లీ ఎక్కారు.

"ఇంత కిందికి ఎవడు దించమన్నాడండీ దీన్ని?"

"మీరేనండీ. దించితేనే మంచిదన్నారు."

ఆయన పెదవి కదిలింది. నవ్వో, కాదో, గోపీనాథ్ చూడలేకపోయాడు, రోడ్డు మీద చూపు ఉంది.

ఆ దారిలో ఊరికి రెండు స్పీడు బ్రేకర్లు. ప్రతి ఊళ్లోనూ పెద్దాయన దిగడం, నడవడం, ఎక్కడం. ఆయన నడుస్తుండగానే వెనక నుంచి ఆర్టీసీ బస్సు వచ్చి దాటిపోయింది. కిటికీలోంచి హనోకు తల బయట పెట్టి, "బావగారూ, రండి, సీటుందీ!" అని అరిచాడు. బస్సంతా నవ్వింది.

కోదండరామయ్య తలుపు దభాలున వేసుకున్నారు. ఏసీ చలికి కండువా చెవులకు చుట్టుకుని, ముందుకు వంగి అన్నారు. "ఏవండీ అల్లుడుగారూ. ఆ బస్సుని దాటుతుందా ఇది?"

"దాటమంటారా?"

"అడుగుతున్నానంతే."

రోడ్డు ఖాళీ అయ్యేదాకా ఆగి, గోపీనాథ్ గేరు మార్చి కాలు నొక్కాడు. సీటు ఆయన్ని వెనక్కి లాక్కుంది. ఎడమవైపు బస్సు, కుడివైపు వరిచేలు, రెండూ వెనక్కి వెళ్లిపోయాయి.

"ఓర్నాయనో!" అన్నారు కోదండరామయ్య. కాసేపాగి, "పిల్ల కుదుపుకి ఇబ్బంది పడదు కదా?" అన్నారు. ఇంకాసేపాగి, "ఇంకో బస్సేమైనా ఉందా ముందు?" అన్నారు.

మోపిదేవిలో కారు ఆపకుండానే ఇద్దరూ సుబ్రహ్మణ్యేశ్వరుడికి దణ్ణం పెట్టుకున్నారు. ఒకాయన స్టీరింగు వదలకుండా, ఒకాయన రెండు చేతులూ ఎత్తి. స్వామి ఏ దణ్ణాన్ని లెక్కలోకి తీసుకున్నాడో మనకు తెలియదు గానీ, పులిగడ్డ దాటి, అవనిగడ్డ దాటి చెరువు గట్టెక్కేసరికి ఎండ ఇంకా ముదరలేదు.

హ్యాచరీ అధినేతను చూడాలని గట్టు మీద రైతులు చేరి ఉన్నారు. వాళ్లను దాటుకెళ్లి కోదండరామయ్య సంచుల్ని నీళ్లలో తేలేసి, చెరువు నీటి వెచ్చదనానికి అలవాటు పడేదాకా పక్కనే గొంతుక్కూర్చున్నారు. తర్వాత ఒక సంచి విప్పి, తెల్ల గిన్నెలోకి కొంచెం వంచుకుని, వేలితో నీళ్లు తిప్పారు. వెంట్రుకంత రొయ్య పిల్లలు ఆ సుడికి ఎదురు తిరిగి ఈదుతున్నాయి. ఒక్కటీ అడుగున పడి లేదు. ఆయన గిన్నెను చాలాసేపు చూశారు.

"హ్యాచరీ ఎంతవరకొచ్చిందండీ?" అని ఎవరో అడిగారు.

గోపీనాథ్ తల దించుకున్నాడు. కోదండరామయ్య లేచి నిలబడ్డారు.

"హ్యాచరీ ఎవడైనా పెడతాడయ్యా, డబ్బుంటే. వీరు మా అల్లుడుగారు. మంగినపూడి నుంచి ఇక్కడ దాకా ఒక్క పిల్ల చావకుండా తెచ్చారు. దారిలో బస్సుని కూడా దాటారు." చివరి మాట కొంచెం గట్టిగా అన్నారు, ఎందుకంటే అప్పుడే హనోకు చెమటలు కక్కుతూ గట్టెక్కుతున్నాడు.

తర్వాత అల్లుడి వైపు తిరిగి చెయ్యి చాపారు. "ఆ తాళాలిటివ్వండి. సెంటరుకెళ్లి ఆ ఫ్లెక్సీ విప్పించుకొస్తాను."

ఆయన చీకటి పడ్డాకే వచ్చారు. ఫ్లెక్సీ విప్పలేదు. దాని కిందే కారు ఆపి, తెలిసిన ప్రతివాణ్ణీ ఎక్కించుకుని మోపిదేవి దాకా ఒక్కో చుట్టు తిప్పారని హనోకు చెప్పాడు. ఇంకా చుట్టాలు కొందరు ఎక్కాల్సి ఉంది కాబట్టి, కారు వారం రోజులు ఇక్కడే ఉండాలని తేలింది.

సోమవారం గోపీనాథ్ గుడివాడ ఆఫీసుకు బస్సులో, ఎంతో గర్వంగా, నిలబడి వెళ్లాడు.