గడ్డ ఒక కిటికీకి, తేట ఒక కిటికీకి

మనిషి ఒళ్ళు కాల్చుకోవడానికి కూడా ఒక పద్ధతి ఉందనీ, అది తెలియకుండా కాలినవాడికి తాము జవాబుదారీ కాదనీ బల్గేరియాలోని మా జిల్లా రక్తనిధివారు ఏనాడో తేల్చేశారు. నేను సంతలో గొర్రెపాల చీజ్ అమ్ముకునేవాణ్ణి. పాలు విరిగితే గడ్డకు గిరాకీ వేరు, తేటకు గిరాకీ వేరు అని తెలుసు గానీ, మనిషి రక్తానికీ అదే బేరమని నా బావమరిది కాలేదాకా తెలియదు.

మా బావమరిది స్తామెన్ ఊరి ఉమ్మడి బట్టీ దగ్గర రాకియా అనే పళ్ళసారా కాస్తుండగా మూత ఎగిరింది. మరుగుతున్న ఆల్‌బుకారా గుజ్జు ఛాతీ మీదా చేతుల మీదా పడింది. కాలిన రోగుల వార్డులో డాక్టర్ జెలెవా ఉన్నమాట చెప్పేసింది.

"రక్తంలోని తేట భాగం కాలిన చోటల్లా కారిపోతోంది. ప్లాస్మా ఎక్కించాలి. మా దగ్గర లేదు. రక్తం ఇచ్చే మనుషుల్ని తెచ్చుకోండి."

రోగి మనుషులే దాతల్ని పట్టుకురావడం ఇక్కడి ఆనవాయితీ. (దీన్ని స్వచ్ఛంద రక్తదానం అంటారు.)

రక్తనిధిలో ప్లాస్మాకు ఒక కిటికీ, ఎర్ర కణాలకు ఒక కిటికీ. రెండింటి వెనకా కూర్చునేది ద్రగోయెవా అనే ఒక్క ఆవిడే. తప్పు కిటికీ దగ్గర నిలబడితే మాత్రం ఆవిడకు మన మాట వినపడదు. స్తామెన్ పరీక్ష ఫలితం చూసి ఆవిడ నవ్వింది.

"ఎర్ర కణాలు మామూలు కన్నా ఎక్కువే ఉన్నాయి. అభినందనలు."

"నీళ్ళు పోయి రక్తం చిక్కబడిందమ్మా. పాలు సగానికి మరిగిస్తే మీగడ పెరిగిందంటారా? వేడికి కణాలూ చితికాయట. తరవాత చేసే చర్మం ఆపరేషన్‌లో ఇంకా పోతాయని డాక్టరమ్మ చెప్పింది. అవి కూడా ఇప్పుడే రాసుకోండి."

"ఈ పూటకు మీవాడు మిగులులో ఉన్నాడు. మిగులులో ఉన్నవాడికి కణాలివ్వం. తగ్గాక ఆ కిటికీకి రండి."

మధ్యాహ్నానికి ఊరు ఊరంతా వ్యానులో దిగింది. స్తామెన్ భార్య రాద్కా, చంటిబిడ్డ తల్లి గనక తాను ఇవ్వకూడదని, అందరినీ పోగుచేసుకొచ్చింది. అందరికన్నా ముందు ఊళ్ళో పెద్దాయన జెంచో మావ దిగి చొక్కా చేతులు మడిచాడు.

"తీసుకోండమ్మా! ఎంత కావాలంటే అంత తీసుకోండి!"

ద్రగోయెవా ముక్కు మూసుకుంది. "తాగారా?"

"అబ్బే, తాగడమేంటి! బట్టీ తొలి ధార రుచి చూశాం. చూడకపోతే కాసినవాణ్ణి అవమానించినట్టు కాదూ? ఆ తరవాత దారిలో స్తామెన్ ఆరోగ్యం కోసం తలా ఒక గుక్క. ఆస్పత్రిలో ఉన్న మనిషికి ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా?"

"తాగి రెండు రోజులు దాటితేనే తీసుకుంటాం. వెళ్ళండి."

"సారా ఒంటికి మంచిదేగా తల్లీ! గాయాలు దాంతోనే కడుగుతాం!"

రాద్కా అందరినీ మళ్ళీ వ్యాను ఎక్కించింది. "మావా, ఇక మా ఆయన ఆరోగ్యం కోసం చుక్క ముట్టుకున్నావంటే నీ ఆరోగ్యం సంగతి నేను చూస్తా," అంది. ఆ సాయంత్రమే బట్టీకి తాళం వేసి, తాళంచెవి బిడ్డ ఉయ్యాల్లో దాచింది.

అమ్మకం ఉన్న వారమంతా నేను ముట్టుకోను. అందుకని నా ఒక్కడి రక్తానికే యోగ్యత దక్కింది. గ్రూపూ కలిసింది. తేట స్తామెన్‌కి వెళ్ళింది. ఎర్ర కణాలు ఉమ్మడి నిల్వకు వెళ్ళాయి. (ఉమ్మడి అంటే ఇచ్చినవాడికి తప్ప అందరికీ చెందినది.) ఇంకో రెండు సంచుల ప్లాస్మా కోసం మా సంతలో ఉల్లిపాయలమ్మే అన్నదమ్ముల్ని బతిమాలి తెచ్చాను.

నాలుగో రోజు ఆపరేషన్ అయింది. స్తామెన్ ముఖం నా చీజ్ కన్నా తెల్లబడింది. "బావా, చలేస్తోంది," అన్నాడు. కాలినవాడు చలి అంటుంటే వినబుద్ధి కాలేదు. ఎర్ర కణాలు ఇవాళే ఎక్కించాలని, ఆలస్యమైతే గుండె తట్టుకోదని డాక్టర్ జెలెవా చెప్పింది.

రెండో కిటికీకి పరుగెత్తాను. "నా కణాలు మీ ఫ్రిజ్‌లోనే ఉన్నాయి కదమ్మా. ఇప్పించండి."

"ఉన్నాయి. కానీ మీరు ఇచ్చింది ప్లాస్మా కింద."

"మళ్ళీ ఇస్తాను."

"రెండు నెలల దాకా మీరు పనికిరారు. బదులుగా ఇంకొకరిని తెండి."

నేను పాలు పోసినవాడి దగ్గరే ఆ పాలకు గడ్డ ధరా తేట ధరా రెండుసార్లు వసూలు చేస్తే సంతలో నా తక్కెడ విరగ్గొడతారు. ఇక్కడ దానికి నిర్వహణ అని పేరు.

ఊరికి ఫోన్ చేశాను. జెంచో మావ వచ్చాడు. చుక్క ముట్టక అతని చేతులు వణుకుతున్నాయి. కళ్ళలో మాత్రం పెళ్ళికొడుకు గర్వం. రక్తమిచ్చి, "పుట్టి బుద్ధెరిగాక ఇన్ని రోజులు ఒట్టిగా ఉన్నది లేదురా. ఊరంతా ఒకరినొకరు చూసుకుని భయపడుతున్నాం," అన్నాడు. బదులుగా నా కణాలు స్తామెన్‌కి చేరాయి. రాత్రికి అతని పెదవుల్లో రంగు తిరిగింది. రాద్కాని చూసి, "బట్టీ ఎలా ఉంది?" అని అడిగాడు. బతుకుతాడని అప్పుడు నమ్మాం.

మర్నాడు ద్రగోయెవాకు ఒక చీజ్ ముద్ద పట్టుకెళ్ళాను. మొదటి కిటికీలో పెట్టబోతే రెండో కిటికీ చూపించింది. పోతూ పోతూ అడిగాను.

"జెంచో మావ రక్తంలో తేట ఏమైందమ్మా?"

"ఉమ్మడి నిల్వకు వెళ్ళింది. మీవాళ్ళెవరైనా మళ్ళీ కాలేటట్టయితే రెండు రోజులు ముందుగా తెలియజేయండి. ఈలోగా ఊళ్ళోవాళ్ళు తాగకుండా ఉంటారు."