అడ్మిన్ గారి నీలం బకెట్

ఆదివారం పొద్దున అడ్మిన్ గారి ప్రణాళిక చాలా చిన్నది. వంటింట్లో కారుతున్న కుళాయిని టిఫిన్ లోపు బాగుచేసి, ఆపైన కాళ్లు చాపుకుని పేపరు చదువుకోవాలి. ఆయన బీమా కంపెనీ ఉద్యోగి. అడ్మిన్ అన్న పేరు మాత్రం ఆ నాలుగంతస్తుల భవనంవాళ్ల ఫోన్ గ్రూపు పుణ్యమా అని వచ్చింది. గ్రూపులో ఆయన నియమం ఒక్కటే. నిజమో కాదో చూసుకోకుండా ఏదైనా పంపితే ఆ క్షణమే ఉద్వాసన. ఫలానా నూనె రాస్తే బట్టతల మీద జుట్టు మొలుస్తుందని పంపిన పాపానికి సంగీతం మాస్టారు కిందటి వారమే బయటికి వెళ్లారు. పాపం, ఆయనది బట్టతల. ఆశకొద్దీ పంపారు. అయినా అడ్మిన్ గారు కనికరించలేదు.

"ప్లంబర్‌ని పిలవండీ," అంది భార్య.

"ఎందుకు? ఇంటర్నెట్ ఉన్నదెందుకు మరి? అందులో లేని విద్య లేదు."

నిజమే, వీడియోలో కుర్రాడు చక్కగానే చెప్పాడు. ముందు మీ ఇంటి వాల్వ్ కట్టేయాలన్నాడు. అడ్మిన్ గారు మెట్ల పక్కకు వెళ్లి, కంటికి పెద్దగా కనిపించినదాన్ని బిగించి వచ్చారు. అది భవనం మొత్తానిది. కుళాయి విప్పగానే పైపులో ఏళ్లనాటి తుప్పంతా బకెట్లోకి దిగింది. ఆయన ముచ్చటపడి ఫోటో తీసి బావమరిదికి పంపారు. "చూడు బామ్మర్దీ, ఏం వచ్చిందో!" అని రాశారు. బావమరిది దాన్ని తన స్నేహితులకు పంపాడు. స్నేహితులు ఊరుకునే రకం కాదు.

కాసేపటికి పై అంతస్తులో కుళాయిలు రావడం లేదని గోల మొదలైంది. అదే సమయానికి అడ్మిన్ గారి ఆఫీసు మిత్రుడొకాయన ఒక సందేశం పంపాడు. "ట్యాంకుల్లో విషం! సరఫరా ఆపేశారు! వెంటనే అందరికీ పంపండి!" కింద ఫోటో. బకెట్ నిండా ఎర్రటి నీళ్లు.

"ఎంత ఘోరం! చూశావా, అందుకే నీళ్లు ఆగిపోయాయి," అన్నారాయన.

"నిజమేనా? కనుక్కోకూడదూ?"

"కుళాయిలు రాకపోవడం కంటే రుజువేం కావాలి?"

ఎందుకైనా మంచిదని పైన "అడ్మిన్ పరిశీలించినది" అని చేర్చి మరీ గ్రూపులో పెట్టారు. ఆ ముక్క చూశాక ఇక ఎవరికీ అనుమానం రాలేదు. మెట్ల మీద నీళ్ల డబ్బాల పరుగులు మొదలయ్యాయి. మొదటి అంతస్తు ఆవిడ పొద్దున తాగిన కాఫీ గుర్తొచ్చి మంచమెక్కింది.

ఇంతలో తలుపు దబదబ మోగింది. కింద కేకుల దుకాణం నడిపే ఆవిడ. చేతిలో ఫోన్, కళ్లలో నీళ్లు.

"అన్నయ్యగారూ, సాయంత్రం పుట్టినరోజు కేకు వద్దన్నారు. తర్వాత ఇంకొకళ్లు, ఇంకొకళ్లు. మా దుకాణానికి వచ్చేదంతా ఇంటర్నెట్ బేరమే కదా! విషం నీళ్లతో చేస్తున్నానట. మీ పేరు చెబుతున్నారు!"

అడ్మిన్ గారు గంభీరంగా తల పంకించారు. "భయపడకమ్మా. ఈ నీళ్లు ఎక్కడివో కనిపెట్టి, వాళ్ల అంతు చూస్తాను."

ఆయన భార్య ఆవిడ చేతిలోని ఫోన్ అందుకుని ఫోటో పెద్దది చేసి చూసింది. "ఏవండీ, ఈ బకెట్ పిడి విరిగితే నా ఎర్ర రిబ్బనుతో కట్టాను."

ముగ్గురూ వంటింట్లోకి చూశారు. నీలం బకెట్ రిబ్బనుతో సహా అక్కడే ఉంది.

అడ్మిన్ గారికి నిజంగా సిగ్గేసింది. కానీ మనిషి పిరికివాడు కాదు. విప్పిన కుళాయి మళ్లీ బిగించి, మెట్ల పక్క వాల్వ్ తెరిచి, తిన్నగా కేకుల దుకాణానికి దిగారు. అక్కడి కుళాయి కింద గ్లాసు పట్టి, భార్య చేత వీడియో తీయించారు. మొదటిసారి కంగారుగా తాగబోయి, పొలమారి కళ్లు తేలేశారు.

"ఇది గాని బయటికి వెళ్లిందా, మీ సంతాపసభ దాకా వెళుతుంది," అని భార్య చెరిపేసి మళ్లీ తీసింది. రెండోసారి ఆయన గటగటా తాగి, కెమెరాలోకి చూస్తూ చెప్పారు. "ఆ ఫోటో మా బకెట్‌ది. తుప్పు మా పైపుది. వాల్వ్ కట్టేసింది నేను. చూసుకోకుండా పంపిందీ నేనే. ఈమె కేకులకు ఏ దోషమూ లేదు."

బావమరిదికీ ఆఫీసు మిత్రుడికీ ఫోన్ చేసి, ఆ అబద్ధం వెళ్లిన ప్రతిచోటికీ వీడియో పంపించేదాకా వదల్లేదు. అబద్ధం వెళ్లిన దారినే నిజమూ వెళ్లింది. మధ్యాహ్నానికల్లా పుట్టినరోజువాళ్లు ఫోన్ చేసి కేకు కావాలన్నారు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే తిరిగొచ్చారు. కేకులావిడ కళ్లు తుడుచుకుని పొయ్యి వెలిగించింది.

ఇక నియమం మిగిలింది. అడ్మిన్ గారు తనను తానే గ్రూపులోంచి తీసేసుకున్నారు. మాట మీద నిలబడ్డానన్న గర్వంతో ఆ గ్రూపునే ఫోన్‌లోంచి చెరిపేశారు కూడా. అడ్మిన్ పదవి దానంతటదే ఆయన భార్యకు దక్కింది. ఆవిడ మొదట సంగీతం మాస్టారిని వెనక్కి పిలిచింది.

"మరి నన్ను?" అన్నారాయన.

"కుళాయి ఇంకా కారుతోంది. ముందు ప్లంబర్‌ని పిలవండి, తర్వాత చూద్దాం."

ప్లంబర్ నంబరు ఆ గ్రూపులోనే ఉంది.