కుట్టుమిషను విమానం ఎక్కింది

మా ముందుగదిలోకి ఎవరొచ్చినా కాసేపు నిలబడేవాళ్ళు. మర్యాదకి కాదు, కూర్చోడానికి చోటు లేక. కుర్చీల్లో పిస్టన్లు కూర్చునేవి. బల్ల మీద కార్బురేటరు పడుకునేది. కిటికీకి తెర ఉండాల్సిన చోట పాత ప్రొపెల్లరు అడ్డంగా వేలాడేది.

నేను చేసేది తలుపులూ కిటికీల పని. గాలిని ఆపే చెక్కతోనే గాలి మీద ఎక్కి కూర్చునేది చేస్తే ఎలా ఉంటుందని ఒకనాడు బుద్ధి పుట్టింది. చేశాను. ఒక్క మనిషి పట్టే విమానం. చెక్కపని నాది. రెక్కలకి తొడిగిన గుడ్డ కుట్టింది మా ఆవిడ. నాకు చొక్కా కుట్టమంటే నెలల తరబడి తిప్పే మనిషి, దానికి మాత్రం ఒక్క ముడత లేకుండా తొడిగింది. అదేమిటే అంటే, "అది కొలతలిచ్చేటప్పుడు మీలా పొట్ట లోపలికి పీల్చదు" అంది.

ఊరిబయట పొలంలో రేకుల షెడ్డు వేసి విమానాన్ని అక్కడికి చేర్చాను. ఇక ముందుగది ఇచ్చెయ్యమంది మా ఆవిడ. ఆవిడ టైలరు. ఆ గదికి వీధివైపు కిటికీ ఉంది, వెలుతురుంది. విమానం మొదలైన దగ్గర్నుంచీ ఆవిడ మిషను మెట్ల కింద చీకట్లో ఉంది. అక్కడ సూదిలోకి దారం ఎక్కించబోతే వేలికి ఎక్కుతోంది. కొలతలివ్వడానికొచ్చే ఆడవాళ్ళు తల మెట్టుకి కొట్టుకుని, జాకెట్టు మాట మరిచిపోయి మందు అడిగి పోతున్నారు. ఆవిడ అడగడంలో న్యాయం ఉంది. అందుకే నేను మాట మార్చాను.

ఇంజను పని ఇంకా మిగిలే ఉందన్నాను. ఉన్న రెండు మాగ్నెటోల్లో ఒకటి తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టె బిగించాలన్నాను. రెండూ తీసేద్దామనే అనుకున్నాను గానీ, మా బావమరిది ఒప్పుకోలేదు. వాడు లారీల మెకానిక్కు. ఏది పట్టుకున్నా తిప్పందే వదలడు కాబట్టి అందరూ స్పానరంటారు. కొత్తది బ్యాటరీ మీద బతుకుతుంది, అది పోతే నువ్వూ పోతావు బావా, పాతది ఒకటి ఉండనీ అన్నాడు.

"ఏమిటండీ దాని గొప్ప?" అంది మా ఆవిడ.

కూర్చోబెట్టి చెప్పాను. మాగ్నెటో అంటే ఇంజనుతో పాటు తిరిగి నిప్పురవ్వ పుట్టించే డబ్బా. ఆ రవ్వతోనే లోపల పెట్రోలు అంటుకునేది. కానీ దానికి బుర్ర లేదు. ఇంజను నడిచినా పరుగెత్తినా ఒకే అదనులో రవ్వ వేస్తుంది. కొత్త పెట్టె అలా కాదు, ఇంజను జోరు చూసుకుని, కావాల్సినప్పుడు కాస్త ముందుగా వేస్తుంది. పైగా గట్టి రవ్వ. సెకనుకి బోలెడు రవ్వలు. ఇంత చెప్పి ఊరుకోవాల్సింది, ఆ ఆఖరి మాట ఎందుకన్నానో.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ చెవిదుద్దులకి ఒక్క రవ్వ అడుగుతున్నాను. దానికి సెకనుకి బోలెడా."

ఈ మాటకి జవాబు ఏ ఇంజను పుస్తకంలోనూ ఉండదు. అందుకని పందెంలోకి దూకాను. పెట్టె పెడితే విమానం తారాజువ్వలా లేస్తుందన్నాను. లేవకపోతే గది నీది, లేస్తే గది ఎప్పటికీ ఇంజనుదే అన్నాను. ఆవిడ తమ్ముణ్ణి పిలిచి సాక్షిగా నిలబెట్టింది. పొలం చివర ఇటుకబట్టీ పొగగొట్టం ఉంది. పెట్టె పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి ఎగరాలి. రెండోసారి పొగగొట్టం దగ్గరికి వెళ్ళేసరికి మొదటిసారికి రెండింతల ఎత్తులో ఉంటే నేను గెలిచినట్టు.

పెట్టె మీద నాకు నమ్మకం ఉంది. కానీ మా ఆవిడ కంటికి ఆనేంత తేడా వస్తుందా అని చిన్న గుబులు. అప్పుడు తట్టింది. రెండోసారి ఎక్కువ ఎక్కడం నా చేతిలో లేదు, మొదటిసారి తక్కువ ఎక్కడం ఉంది. బరువేసుకుని ఎగిరితే సరి. నేలబారుగా పోయిన విమానం రెండోసారి కాస్త లేచినా ఆకాశాన్ని అంటినట్టే కనబడుతుంది.

మా ఇంట్లో బాగా బరువైనవి రెండు. ఒకటి మా ఆవిడ కోపం, రెండోది కుట్టుమిషను. మొదటిది విమానంలో పట్టదు.

పరీక్ష రోజు పొద్దున ఆవిడ కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి వెళ్ళినప్పుడు ఆ పోత ఇనుము మిషనుని తోపుడుబండి మీద షెడ్డుకి చేర్చాను. మెట్ల కింద దాని చెక్కమూత అలాగే ఉంచి, లోపల దిండు కుక్కాను. తోడుగా బొగ్గుల ఇస్త్రీపెట్టె కూడా తీసుకెళ్ళి, రెండిటినీ సీటు వెనక బెల్టేసి కట్టి దుప్పటి కప్పాను.

పరీక్ష వేళకి మా ఆవిడ పొలంలో కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని కూర్చుంది. స్పానరు ప్రొపెల్లరు తిప్పాడు. ఇంజను దగ్గింది. మళ్ళీ తిప్పాడు. తుమ్మింది. వాడి చొక్కా తడిసి, భుజం పట్టేసి, నా పూర్వీకులందరినీ తలుచుకున్నాక అంటుకుంది.

విమానం విందు భోజనం చేసిన బాతులా బయల్దేరింది. పొగగొట్టం దగ్గరికి వెళ్ళేసరికి దాని అంచుకి సరిసమానంగా ఉన్నాను. పక్కకి తప్పుకుని పోయాను కాబట్టి ఇవాళ మీతో మాట్లాడుతున్నాను. కింద బట్టీ పనివాళ్ళు నా చెప్పుల సైజు చెప్పగలిగారు.

దిగేసరికి మా ఆవిడ పొలానికి అడ్డంగా నడిచొస్తోంది, వేళ్ళకి ఎర్రదారం చుట్టుకుంటూ.

"ఏమిటది?"

"దారం. పొలంలో దొరికింది."

"చాలా ఉన్నట్టుందే."

"మీరెంత దూరం పోయారో అంత ఉంది" అంది.

మామూలు మనిషయితే అక్కడే ఆలోచించేవాడు. నేను గెలుపు మత్తులో ఉన్నాను. విమానానికి గుడ్డ కప్పి వస్తానని అక్కాతమ్ముళ్ళని ముందు పంపేసి, వెనకాల మిషను తెచ్చి మూత కింద పెట్టేశాను. దిండు ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. ఎవరూ చూడలేదని మురిసిపోయాను.

స్పానరూ నేనూ కలిసి కొత్త పెట్టె బిగించాం. రెండో పరీక్ష రోజు నేను ముందుగా వెళ్ళి, దువ్వుకున్న మీసంతో బట్టీవాళ్ళ దగ్గర నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. అక్కాతమ్ముళ్ళు వ్యానులో వెనకాల వచ్చారు. షెడ్డులో ఏవో చప్పుళ్ళయ్యాయి. నా గొంతు నాకే ఇంపుగా ఉండి పట్టించుకోలేదు.

స్పానరు ప్రొపెల్లరు మీద చెయ్యేసి ఒక్కసారి లాగాడు. ఇంజను అందుకుంది. వాడు కాసేపు తన భుజాన్నే నమ్మలేనట్టు చూసుకున్నాడు.

నేను బయల్దేరాను. విమానం పరుగెత్తింది, పరుగెత్తింది, ఇంకా పరుగెత్తుతూనే ఉంది. విమానాన్ని పైకెత్తే కర్ర లాగాను. బతిమాలాను. బరువు తగ్గుతుందేమోనని కాళ్ళు పైకెత్తి కూర్చున్నాను. ఎలాగో లేచింది. తారాజువ్వ కాదు గదా, తడిసిన చిచ్చుబుడ్డిలా లేచింది. పొగగొట్టం మీద ఒక కాకి కూర్చుని ఉంది. దాని తల మీదుగా పోయాను. అది లేవను కూడా లేదు.

దిగగానే మా ఆవిడ ఎదురొచ్చింది. "ఏమైందండీ?"

"గాలి బాగాలేదు."

"మొన్నటి గాలే కదా."

పెట్రోలు మీదికి తోశాను. తనే పోశానన్నాడు స్పానరు. రెక్క గుడ్డ వదులయిందేమో అన్నాను. అది కుట్టింది ఎవరో గుర్తొచ్చి మింగేశాను. ఇంక చెప్పడానికేం లేక వెనక్కి తిరిగితే, సీటు వెనక దుప్పటి ఉబ్బెత్తుగా కనబడింది. ఎత్తి చూశాను. కుట్టుమిషను. పక్కన ఇస్త్రీపెట్టె. మిషను మీద ఎర్రదారం రీలు, ఈసారి ఊడకుండా గట్టి ముడేసి ఉంది.

మోసం అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇదెవరు పెట్టారు?" అన్నాను.

"మొన్న ఎవరు పెట్టారు?" అంది.

మొన్న నేను మిషను తీసేటప్పుడు రీలు దానిమీదే ఉండిపోయిందట. దారం కొస షెడ్డు తలుపు మేకుకి చిక్కుకుందట. నేను ఎగిరినంత మేరా రీలు విప్పుకుంటూ పోయింది. పొద్దున తను జాకెట్టుకి వాడిన దారం పొలంలో ఎందుకుందా అని ఆవిడ ఇంటికెళ్ళి మూత ఎత్తి చూసిందట. దిండు పలకరించింది.

"రెండు దారులున్నాయండీ" అంది నెమ్మదిగా. "మొదటిసారి మిషను లేదనండి, ఇవాళ్టి పందెం చెల్లదు, మళ్ళీ ఎగరండి. ఉందనండి, అయితే రెండుసార్లూ ఒకే బరువు, పందెం సమంగానే జరిగింది."

లేదందామంటే రీలు నా మొహంలోకి చూస్తోంది. ఉందంటే గది పోతుంది. వంగి ఇస్త్రీపెట్టె బెల్టు విప్పడం మొదలుపెట్టాను.

"ఒక కాకి ఎత్తు పెరిగిందక్కా" అన్నాడు సాక్షి.

"పెట్టె మంచిదే" అంది మా ఆవిడ తమ్ముడితో. "ఎత్తు మాట ఎలా ఉన్నా నీ భుజం మిగిలింది. విమానానికి ఆ పెట్టె ఉండనీ." నావైపు తిరిగి, "ఎగిరెగిరి పడేవాళ్ళు మాత్రం గది ఖాళీ చెయ్యాలి" అంది.

చేశాను. ఇప్పుడు ముందుగదిలో వెలుతురుంది, కుర్చీల్లో మనుషులు కూర్చుంటున్నారు. ఇది ఆకాశం తిరిగొచ్చిన మిషనమ్మా అని చెప్పి ఆవిడ కొత్తవాళ్ళని పోగేస్తోంది. గుమ్మం మీద బోర్డు కూడా ఉంది, విమానం టైలర్సు అని. చెక్కింది నేనే, మెట్ల కింద కూర్చుని, అక్షరానికోసారి తల కొట్టుకుంటూ.

అప్పుడప్పుడూ బట్టలకొచ్చినవాళ్ళ దగ్గర నా విమానం గురించి కాస్త గొంతు పెంచుతాను. లోపల మిషను చప్పుడు ఆగుతుంది.

"ఏవండీ, ఎర్రదారం ఏమైనా కావాలా?"

నేను వెళ్ళి మెట్ల కింద కూర్చుంటాను.