బైరాగి కాసిన గోలు

ఒక పెద్ద అడవిలో, మార్గశిర శుద్ధ పంచమి బుధవారం, పొద్దుపొడిచి రెండు గంటలైనా మంచు విడవలేదు. కొమ్మ మీద కూర్చున్నవాడికి తన తోక చివర తనకే కనపడనంత మంచు. తాబేలు తహసీల్దారు రిజిస్టరులో అలాగే రాసి ఉంది. ఆయన నలభై ఏళ్లుగా రాసినవాటిలో కోతుల సంఘం, కొండముచ్చుల సంఘం రెండూ నిజమని ఒప్పుకున్నది ఆ ఒక్క ముక్కే.

ఆ మంచులో, గోలుగా పాతిన రెండు మునగ కర్రల మధ్య, బైరాగి చేతులు చాచి నిలబడ్డాడు. ఆ రోజు గెలిచిన జట్టు గోల్‌కీపరుకు క్రీడా కోటాలో ఒక కొమ్మ పట్టా ఇస్తారు. ఆ ఏటి కొత్త రూలు ప్రకారం పట్టా లేనివాడు హ్యాండ్‌బాల్ సీజను ముగిసిన మర్నాడే వాగు దాటి పోవాలి. వాగవతల అడవి లేదు. తారు రోడ్డు ఉంది, లారీలున్నాయి.

బైరాగికి కొమ్మ ఎందుకు లేదో చెప్పాలంటే అతని తండ్రి ఉద్యోగం దగ్గర మొదలుపెట్టాలి.

తండ్రి సింహాచలం కొండముచ్చు. పక్క ఊరి మునిసిపల్ ఆఫీసులో కోతుల్ని తోలే కొలువు. ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. కోతులు ఫైళ్లు చింపుతున్నాయని ఒక కొండముచ్చును తెచ్చి గేటు దగ్గర కూర్చోబెడతారు. ఆ తర్వాత కూడా ఫైళ్లు చిరుగుతూనే ఉంటాయి, కాకపోతే ఎవరు చింపారని ఎవరూ అడగరు. సింహాచలం బుద్ధిగా పదకొండు కోతుల్ని తోలాడు. పన్నెండోది పైడమ్మ. ఆమెను తోలుకుంటూ తోలుకుంటూ అడవి దాకా వచ్చి పెళ్లి చేసుకున్నాడు.

రెండు సంఘాలూ వాళ్లను వెలేశాయి. వాగొడ్డున రేల చెట్టు మీద కాపురం పెట్టారు. బైరాగికి మూడేళ్లప్పుడు గాలివానకు చెట్టుతో పాటు ఇద్దరూ కొట్టుకుపోయారు. తల్లి ఎర్ర మొహం, తండ్రి పొడుగు తోక వేసుకుని పిల్లవాడొక్కడూ మిగిలాడు.

అటు నుంచి కోతిపిల్లలు, ఇటు నుంచి కొండముచ్చు పిల్లలు వాడి మీదికి మారేడు కాయలు విసిరేవాళ్లు. తగిలితే నొప్పి. అందుకని పట్టుకోవడం నేర్చుకున్నాడు. చేతులు చాలకపోతే కాళ్లతో, కాళ్లు చాలకపోతే తోకతో. పదేళ్లొచ్చేసరికి అడవిలో అంతటి గోల్‌కీపరు లేడు. రెండు జాతులూ కలిసి చేసిన మంచి పని అదొక్కటే. దానికి మాత్రం ఎన్నడూ సన్మానం చేయించుకోలేదు.

అక్కడి హ్యాండ్‌బాల్‌లో బంతి ఎండిన మారేడు కాయ. జట్టుకు ఏడుగురు. గోలు ముందు వంపుగా ఒక గీత ఉంటుంది. ఆ గీత లోపల గోల్‌కీపరు తప్ప వేరెవరూ అడుగు పెట్టకూడదు. బైరాగికి ఆటలో అన్నిటికన్నా నచ్చింది ఆ నిబంధనే. అంత అడవిలో "నువ్వెవరివిరా ఇక్కడ?" అని ఎవరూ అడగని జాగా ఆ నాలుగు గంతుల నేల.

ఒక ఏడాది కోతుల జట్టుకు, మరో ఏడాది కొండముచ్చుల జట్టుకు ఆడాడు. గెలిచిన రోజున మేనమామ అప్పలకొండ, అంటే కోతుల సంఘం అధ్యక్షుడు, అతన్ని భుజాన వేసుకుని ఊరేగించేవాడు.

"చూశారా మా అల్లుణ్ణి! ఆ చేతులు ఎవరివనుకున్నారు? మా పైడివి!"

ఓడిన రోజున అదే అప్పలకొండ ముక్కు చీది, "ఆ తోక చూడండి. అది మన తోకేనా?" అనేవాడు.

కొండముచ్చుల సంఘం అధ్యక్షుడు గంగరాజు, వరసకు పెదనాన్న, గట్టిగా మాట్లాడే రకం కాదు. గెలిస్తే, "రక్తం ఎక్కడికి పోతుంది నాయనా" అనేవాడు. ఓడితే, "మొహంలోనే తెలుస్తోందిగా" అని పక్కకు తిరిగి పేలు చూసుకునేవాడు.

ఓడింది పదేళ్లలో రెండుసార్లే. ఆ రెండూ అందరికీ తిథులతో సహా గుర్తున్నాయి.

కొమ్మ పట్టా కోసం బైరాగి తిరగని రోజు లేదు. తాబేలు తహసీల్దారు దరఖాస్తు తిరగేసి చూసి మెడ లోపలికి లాక్కునేవాడు. ఆయన మెడ బయటికి రావడానికే ఒక పూట పట్టేది.

"నడుం పై భాగానికి కోతుల సంఘం నుంచి ధ్రువపత్రం తేవయ్యా. నడుం కింది భాగానికి కొండముచ్చుల సంఘం నుంచి."

"నడుముకో అయ్యా?"

"అది వివాదాస్పద ప్రాంతం. సర్వే అవ్వాలి."

ఆ ఏడు ఫైనలుకు కోతులూ కొండముచ్చులే వచ్చారు. గెలిచిన జట్టుకు అడవి నడిబొడ్డున ఉన్న నేరేడు చెట్టు, ఆ జట్టు గోల్‌కీపరుకు అందులో ఒక కొమ్మ. నోటీసు పడగానే రెండు సంఘాలూ పరుగెత్తుకొచ్చాయి.

"వాడు పుట్టుకతోనే కోతి!" అన్నాడు అప్పలకొండ.

"పొడుగు ఎంతుందో కొలిపించండి" అన్నాడు గంగరాజు, తోక వైపు చూపించి.

తాబేలు మూడు రోజులు ఆలోచించాడు. నాలుగో రోజు తీర్పు వచ్చింది. "సగం కోతి కనుక మొదటి సగం కోతులకు ఆడాలి. సగం కొండముచ్చు కనుక రెండో సగం కొండముచ్చులకు ఆడాలి."

ఇంత న్యాయమైన తీర్పు ఆ అడవిలో అదివరకు లేదని అందరూ చప్పట్లు కొట్టారు. సగం ఆట కాగానే జట్లు గోలు వైపులు మార్చుకుంటాయన్న సంగతి ఎవరికీ తట్టలేదు. అంటే బైరాగి జట్టు మారతాడు గానీ, నిలబడ్డ చోటు నుంచి కదిలే పనే లేదు. తాబేలు ఎన్నడూ ఆట చూసి ఎరగడు. చూద్దామని బయల్దేరితే, చేరేసరికి ఆట అయిపోయేది.

ఆట ముందు అప్పలకొండ వచ్చి బైరాగి చెవిలో గొణిగాడు. "అల్లుడూ, మొదటి సగం ప్రాణం పెట్టు. రెండో సగంలో మనవాళ్లు విసిరినప్పుడు కాస్త తుమ్ము. చాలు. నేరేడు చెట్టులో నీ ఇష్టమొచ్చిన కొమ్మ కోసుకో!"

"కొమ్మ కోసుకుంటే ఎక్కడుంటాను మావయ్యా?"

"మాటవరసకన్నానురా!"

కాసేపటికి గంగరాజు వచ్చాడు. "నాయనా, మొదటి సగంలో మంచు ఎక్కువగా ఉంటుంది. బంతి కనపడకపోతే నిన్నెవరూ తప్పుపట్టరు. రెండో సగానికి మంచు విడిపోతుంది. అర్థమైందనుకుంటాను."

బైరాగికి బాగా అర్థమైంది. మావయ్య మాట వింటే కొండముచ్చు ద్రోహి, పెదనాన్న మాట వింటే కోతి ద్రోహి. ఇద్దరి మాటా వింటే గీత లోపల నిలబడ్డ ఒకే ఒక్క వెధవ. అందుకని ఎవరి మాటా వినలేదు. చిన్నప్పటి నుంచి చేస్తున్న పనే చేశాడు. వచ్చిన కాయను వచ్చినట్టు పట్టుకున్నాడు.

అంపైరు కొంగ. మంచులో పొద్దు చూసుకోడానికి నీడ పడదు కనుక, తనకు ఆకలేసినప్పుడు సగమైందని ఈల ఊదింది. అప్పటికి అవతలి గోలులో ముసలి కొండముచ్చు మీద కోతులు పద్నాలుగు గోల్స్ కొట్టారు. జట్లు అటూ ఇటూ మారాయి. అవతలి గోలులోకి ఒంటికన్ను కోతి వచ్చింది. దాని మీద కొండముచ్చులూ పద్నాలుగే కొట్టారు. నిజానికి రెండు వైపులా చాలానే పడ్డాయంటారు. కొంగకు పద్నాలుగు దాకానే లెక్క వచ్చు. ఆ పైన పడ్డవన్నీ పద్నాలుగే.

బైరాగి కాసిన గోలులో ఒక్కటీ పడలేదు.

"సమానం!" అంది కొంగ. "ఇక ఏడు మీటర్ల గీత నుంచి తలో విసురు. ముందు గోలు కొట్టినవాళ్లదే నేరేడు చెట్టు. కాసేదెవరు?"

"బైరాగి!" అన్నారు కోతులు.

"బైరాగి" అన్నారు కొండముచ్చులు.

అప్పలకొండ కొడుకు విసిరాడు. పట్టాడు. గంగరాజు కొడుకు విసిరాడు. పట్టాడు. మంచు విడిచింది, ఎండ ముదిరింది, పొద్దు వాలింది. మర్నాడు మళ్లీ మొదలుపెట్టారు.

మూడో రోజు అప్పలకొండ గీత దాకా వచ్చి అరిచాడు. "ఒరే అల్లుడూ! ఒక్కటి వదలరా! నీ కొమ్మ నీ చేతిలోనే ఉంది కదరా!"

బైరాగి కాయను చేతిలో తిప్పుతూ ఆలోచించాడు. "వదిలితే గెలిచిన కోతి గోల్‌కీపరును నేనే. ఓడిన కొండముచ్చు గోల్‌కీపరునూ నేనే. మర్నాడు పట్టా అడిగితే, గోలు ఇచ్చినవాడు మావాడు కాదంటావు. అవునా కాదా మావయ్యా?"

అప్పలకొండ వీపు గోక్కున్నాడు.

"పోనీ గీత లోపలికొచ్చి మాట్లాడు" అన్నాడు బైరాగి.

రాలేడు. అది నిబంధన.

సీజను ముగియాలంటే ఆట ముగియాలి. ఆట ముగియాలంటే గోలు పడాలి. గోలు పడలేదు. వేసవి వెళ్లింది, వానలు పడ్డాయి. పచ్చి మునగ కర్రను తడి నేలలో పాతితే ఏమవుతుందో ఊళ్లో ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. గోలు కర్రలు రెండూ చిగురించాయి. శ్రావణానికి కొమ్మలొచ్చాయి. మరుసటేటికి గోలు మొత్తం ఆకుతో కమ్ముకుపోయి, బైరాగి కొమ్మెక్కి నిద్రపోయినా కాయ లోపలికి దూరే సందు లేదు.

"కొట్టించండి ఆ చెట్లు!" అని రెండు సంఘాలూ ఒకే కాగితం మీద సంతకం పెట్టి తాబేలు దగ్గరికి వెళ్లాయి. వాళ్లు కలిసి చేసిన రెండో పని అది.

తాబేలు రిజిస్టరు చూశాడు. "చెట్టని ఎక్కడా లేదే. క్రీడా సామగ్రి అని ఉంది. ఆట నడుస్తుండగా సామగ్రిని కొయ్యరాదు."

"పోనీ వాడికి నేరేడులో కొమ్మ ఇచ్చేస్తాం, దిగమనండి" అన్నాడు గంగరాజు.

"దిగితే గోలు ఖాళీ. ఖాళీ గోలులో ముందు విసిరేదెవరు?"

ఆ సంగతి మీద వాళ్లిద్దరూ అక్కడే కొట్టుకున్నారు.

ఆ తర్వాత అప్పలకొండ పోయాడు. అధ్యక్ష పదవి పెద్దకొడుక్కి, విసిరే వంతు చిన్నకొడుక్కి వచ్చాయి. గంగరాజు పోయాక అతని మౌనం పెద్దకొడుక్కి, పేలు చిన్నకొడుక్కి వచ్చాయి. కొంగ ఈల దాని మేనల్లుడికి వచ్చింది. పద్నాలుగు దాకా లెక్క కూడా వచ్చింది. తాబేలు పోలేదు, కనుక ఆయన కుర్చీకి వారసుల్లేరు. నేరేడు చెట్టు తీర్పు తేలే వరకు ఎవరిదీ కాదు కనుక ఉడతలు కాపురం పెట్టి తరతరాలుగా పళ్లు తింటున్నాయి. కోతులకు ఒక్క పండు రాలేదు, కొండముచ్చులకు టెంక కూడా రాలేదు. రికార్డు ప్రకారం బైరాగికీ ఏమీ రాలేదు. పట్టా గడిలో ఇప్పటికీ గీత కొట్టి ఉంది. మునగ కొమ్మ పెళుసంటారు గానీ, ముసలి బైరాగి దాని మీదే తోక వేలాడేసుకుని, రోజుకు రెండు కాయలు పట్టి, మిగతా పొద్దంతా ఆకు నములుతూ కూర్చుంటాడు.

నీతి: ఎటూ చెందనివాడికి నీడ కావాలంటే, గెలవడం కాదు, ఆట తేలకుండా చూసుకోవాలి.