మంచుపై ఖండన తీర్మానం

ఏప్రిల్ ఆఖరున, గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లే దారిలో ఒక ఫ్లెక్సీ వెలసింది. "హిమాలయ జాతీయ ఉద్యానవనానికి కుటుంబ సమేతంగా సాహస యాత్రకు తరలివెళుతున్న మిర్చి కమీషన్ వ్యాపారి, అజాతశత్రువు షేక్ గౌస్ బాషా గారికి హృదయపూర్వక శుభాకాంక్షలు. ఇట్లు, గౌస్ బాషా మిత్రమండలి." వెనక మంచుకొండ, దాని మీద సింహం. హిమాలయాల్లో సింహాలుండవు కదా అని ఎవరో అడిగితే, కొండ బొమ్మతో పాటు సింహం ఉచితమని ఫ్లెక్సీ షాపువాడు చెప్పాడు. టిక్కెట్లు అప్పటికింకా తీసుకోలేదు. మన ప్రాంతంలో ప్రయాణానికి ముందుగా ఏది కావాలో పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు.

ఈ యాత్రకు మూలకారణం బాషా గారి భార్య కరీమున్ దగ్గు. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆమె ఇల్లు మిరపకాయల కొట్టును ఆనుకునే ఉంది. బస్తా విప్పితే దగ్గు, మూతి కుడితే దగ్గు. కొన్నాళ్లపాటు చల్లటి గాలిలో ఉండి రమ్మన్నాడు డాక్టరు. అదే వారంలో ఎవరో ఫోనుకు పంపిన వీడియోలో ఆ పార్కు కనిపించింది. నిటారు కొండలు, రాళ్ల దారి, లోయ నిండా పూలు. అక్కడ నిలబడి, దగ్గు రాకుండా, ఒక్కసారి గుండెల నిండా గాలి పీల్చుకోవాలని ఆమెకు ఆశ పుట్టింది. అంతకు మించి ఆమెకేమీ అక్కర్లేదు.

"మే నెలలో ఎండలకి యార్డుకి సెలవులిస్తారుగా. అప్పుడు మనిద్దరం వెళ్లొద్దామా అండీ?" అని అడిగింది.

బాషా గారు వెంటనే ఒప్పుకున్నారు. ఆయన మంచి మనిషి. కాకపోతే యార్డులో అంత పేరున్నవాడు పెళ్లాన్ని వెంటబెట్టుకుని ఊరికే రైలెక్కితే పరువేం కావాలి? అందుకని యాత్రా నిర్వహణ సంఘం ఏర్పడింది. అధ్యక్షులు బాషా గారు. సాంకేతిక సలహాదారు జయరావు గారు. ఈయన రిటైరైన సోషల్ మాస్టారు. గోడ మీది పటంలో హిమాలయాలను ఉద్యోగమంతా బెత్తంతో చూపించిన అనుభవం ఆయనది. కొండల గురించి అంతకన్నా తెలిసినవారు మా పేటలో లేరు.

రోజూ సాయంత్రం డాబా మీద సంఘం సమావేశమై, మిరపకాయ బజ్జీల సాక్షిగా తీర్మానాలు చేసింది. కొండల్లో తిండి చప్పగా ఉంటుంది కాబట్టి ఒక బస్తా కారం తీసుకెళ్లాలి. కారం వెళుతోంది కాబట్టి వంటవాడూ రావాలి. పార్కులో పొయ్యి వెలిగించకూడదన్న నిబంధన మామూలు జనానికే గానీ యార్డు వాళ్లకు వర్తించదు. చివరంటా నడవాలట కదా అన్న సందేహానికి, అక్కడా ఎవరో ఒకరు మనవాళ్లుంటారు, చెబితే జీపు పైదాకా వస్తుందని సమాధానం దొరికింది. ఆవకాయ జాడీలకు వాసెన కట్టేదాకా ఎవరూ గడప దాటకూడదన్నది ఏకగ్రీవంగా నెగ్గింది.

"టిక్కెట్లు తీశారా?" టీ తెచ్చినప్పుడల్లా కరీమున్ అడిగేది.

"అజెండాలో ఉందమ్మా," అనేవారు జయరావు గారు.

ఆవకాయ ఊరింది. అప్పుడు ఫోను తెరిచి చూస్తే, మే నెలంతా పార్కు మూసే ఉంటుందని తేలింది. దారి నిండా మంచు. అది కరిగాక, జూన్‌లో తెరుస్తారు. జూన్‌లో ఇక్కడ యార్డు తెరుస్తారు. వేసవి సెలవులు ఎప్పుడన్నది దేశం మొత్తానికీ మన యార్డే నిర్ణయిస్తుందన్న నమ్మకంతో, ఈ సంగతి ముందుగా కనుక్కోవాలని ఎవరికీ తోచలేదు.

జయరావు గారు లేచి నిలబడ్డారు. "మిత్రులారా! మే నెలలో సైతం కరగకుండా భీష్మించుకుని కూర్చున్న మంచు వైఖరిని ఈ సభ తీవ్రంగా ఖండిస్తోంది. ఇది మిర్చి రంగం పట్ల చిన్నచూపు!" చప్పట్లు మోగాయి. మంచు మాత్రం వివరణ ఇవ్వలేదు.

ఇక ఫ్లెక్సీ సంగతి. చూస్తుండగానే పక్క కొట్ల వాళ్లు కూడా పోటీపడి శుభప్రయాణం ఫ్లెక్సీలు కట్టారు. ఇన్ని ఫ్లెక్సీల కింద నుంచి కూరగాయల సంచీతో నడిచి వెళ్లడం ఎవరివల్లవుతుంది? అందుకని బాషా, జయరావు గార్ల కుటుంబాలు రెండూ తెల్లవారకముందే బయలుదేరి, పర్చూరు దగ్గర కరీమున్ తమ్ముడు మాలిక్ నడిపే జిన్నింగ్ మిల్లులో దాక్కున్నాయి. సీజన్ అయిపోయి మిల్లు మూసి ఉంది. రేకుల షెడ్డులో మిగిలిన పత్తి కొండలా పడి ఉంది. మంకీ క్యాపులు, స్వెట్టర్లు తొడుక్కుని అధ్యక్షులు, సలహాదారు మోకాళ్లదాకా పత్తిలో దిగబడి ఫోటోలు దిగారు. "కాస్త వణకండి బాషా గారూ, చెమట కనబడుతోంది," అని జయరావు గారు సాంకేతిక సలహా ఇచ్చారు. పేట వాట్సాప్ గ్రూపులో ఆ ఫోటోలు చూసి గుంటూరు పొంగిపోయింది.

మిరప దగ్గుకు పత్తి నుసి తోడై కరీమున్‌కు ఊపిరి ఆడలేదు. షెడ్డు బయట గట్టు మీద కూలబడింది. జయరావు గారి భార్య జయకుమారి వచ్చి వీపు రాసింది.

"నీకు నిజంగా మంచు చూడాలనుందా?"

"మంచెవరిక్కావాలక్కా? నాకు ఊపిరి ఆడితే చాలు."

జూన్ వచ్చింది. "పార్కు తెరిచారంట. ఇప్పుడెళ్దామా అండీ?" అంది కరీమున్.

బాషా గారు తెల్లబోయారు. "మళ్లీనా? మొన్నేగా వెళ్లొచ్చాం!"

ఆయన అబద్ధమాడలేదు. అంతమందికి చెప్పి చెప్పి ఆయనకు నిజంగానే చలి జ్ఞాపకం వస్తోంది. కరీమున్‌కు మాత్రం ఒళ్లు మండింది. జయకుమారి కూతురు మహిమ ఫోనులో ఇద్దరికీ టిక్కెట్లు తీసింది. పెదకాకానిలో చుట్టాలింటికని చెప్పి ఆడవాళ్లిద్దరూ రైలెక్కారు. ఫ్లెక్సీ లేదు, కారం బస్తా లేదు.

కొండ మీద ముసురు. బురద, జారే రాళ్లు, పట్టేసిన మోకాళ్లు. పూలు అక్కడక్కడా ఉన్నాయి, మంచు జాడే లేదు. మలుపులో నిలబడి కరీమున్ భయం భయంగా గాలి పీల్చింది. దగ్గు రాలేదు. ఇంకా లోతుగా పీల్చింది. రాలేదు. ఆమెకు ఏడుపొచ్చింది. వానకోటులో, ముక్కు ఎర్రబడి నవ్వుతున్న ఆమెను జయకుమారి ఒక ఫోటో తీసింది.

ఆడవాళ్లు తిరిగొచ్చిన ఆదివారమే బాషా, జయరావు గార్లకు పౌరసన్మానం. "ఆ మంచులో నిలబడినప్పుడు నాకు మానవ జీవితం ఎంత చిన్నదో అర్థమైంది," అన్నారు బాషా గారు, శాలువా సర్దుకుంటూ. కరీమున్ ఇక ఉండబట్టలేక, పక్కన కూర్చున్న ఎదురింటి రసూల్‌బీకి తన ఫోటో చూపించింది.

"ఇదెక్కడ వదినా, ముసుర్లో నల్లమలా?" అంది రసూల్‌బీ. "మంచే లేదు. అన్నయ్య ఫోటోలో చూడు, కొండంటే అట్టా ఉండాలి!"

కరీమున్ చెప్పబోయింది. యార్డు వైపు నుంచి గాలి తిరిగింది. దగ్గొచ్చింది.

ఆ ఫోటోను ఆమె కూడా అదే గ్రూపులో పెట్టింది. ఇంతవరకూ ఎవరూ పలకలేదు. నిజం చెప్పండి, పత్తి ఫోటో కింద దండాల బొమ్మలు పెట్టినవాళ్లలో మీరు లేరూ?