తలుపు వేసినవారి బాల్యం

పెద్దలకు మాత్రమే ఉద్దేశించిన హాస్య కార్టూన్ ధారావాహిక ‘పావు దేవుడు’ను నిర్మిస్తున్న స్టూడియోవారు, తమ దర్శకుడు తమ రంగుల కళాకారిణి కుడిచేతి మీద తలుపు వేసిన సందర్భంగా, నిష్పాక్షికమైన విచారణ సంఘాన్ని నియమించినట్లు తెలియజేయుటకు సంతోషించుచున్నామని ప్రకటించారు. సంతోషం దేనికో ప్రకటనలో వివరించలేదు. ఏ ప్రకటన అయినా సంతోషంతోనే ముగియాలన్నది ఆ కార్యాలయపు నియమం.

‘పావు దేవుడు’ గురించి తెలియనివారు ఉండరు. తెలియదని చెప్పేవారు కూడా పిల్లలు పడుకున్నాక తలుపు దగ్గరగా వేసుకుని చూస్తున్నవారే. అందులో కథానాయకుడు మెరుపయ్య. మంటల్లో చిక్కుకున్న మనుషులను భుజాన వేసుకుని బయటికి తెస్తాడు. మళ్ళీ లోపలికి వెళ్ళి వాళ్ళ టీవీలను కూడా తెస్తాడు. మనుషులను మాత్రం తిరిగి ఇచ్చేస్తాడు. ప్రతినాయకుడు బూడిద దొర. ఆయన వృత్తి ఊళ్ళు తగలబెట్టడం. అయితే అగ్గిపుల్ల గీసే ముందు ఊళ్ళోని పిల్లులన్నిటినీ పేరుపేరునా పిలిచి బయటికి పంపించివేస్తాడు. ఆ పిల్లులు బారులు తీరి నడిచివచ్చే దృశ్యంలో చూసేవారి కళ్ళు చెమరుస్తాయి. ఊళ్ళో మిగిలిన మనుషుల సంగతి ఎవరూ అడగరు. వాళ్ళు వెనుక తెర మీది బొమ్మలు.

ఈ కళాఖండం పుట్టేది రెండో అంతస్తులోని కథల గదిలో. ఆ గదిలో చెడ్డవాడు చెడ్డవాడుగా ఉండడం, మంచివాడు మంచివాడుగా ఉండడం చేతకానితనంగా లెక్క. చెడ్డవాడు వస్తే వెంటనే కూర్చోబెట్టి ఒక దుఃఖం అంటగడతారు. మంచివాడు వస్తే ఒక దురలవాటు నేర్పుతారు. ఒకసారి ఏ పాపమూ తెలియని ఒక నర్సు పాత్ర పొరపాటున కథలోకి వచ్చింది. గదిలోనివారంతా నిద్రాహారాలు మాని ఆలోచించి, చివరకు ఆమెచేత రోగుల గొడుగులు దొంగిలింపజేసి, హమ్మయ్య అనుకున్నారు. ఆ గదికి పెద్ద, మలుపు మాస్టారు. కథలో మలుపు లేనిదే ఆయన కాఫీ కూడా తాగరు.

ఇక జరిగిన సంగతి. ఊరు తగలబెట్టి వస్తున్న బూడిద దొర చేతులకు రంగుల అమ్మాయి మసి పూసింది. దర్శకుడు చూసి, దొర చేతులు శుభ్రంగా ఉండాలనీ, ప్రేక్షకులకు ఆయన మీద ముద్దు రావాలనీ ఆదేశించాడు. రికార్డింగు గది గుమ్మంలో, తలుపు చట్రం మీద చెయ్యి ఆనించి నిలబడి, ఆ అమ్మాయి అడిగింది: “మరి ఊరు ఎవరు తగలబెట్టారంటారు సార్? పిల్లులా?”

చుట్టూ ఉన్నవారు నవ్వారు. దర్శకుడు నవ్వలేదు. ఆమె చేతి వంక చూశాడు. తరువాత తలుపు వేశాడు. అది శబ్దం లోపలికి పోకుండా మందంగా చేయించిన బరువైన తలుపు కనుక లోపల ఉన్నవారికి ఏమీ వినపడలేదు. బయట ఉన్నవారికి అంతా వినపడింది. రెండు వేళ్ళు విరిగాయి.

ఆ అమ్మాయి కోరినవి రెండే. ఆయన కావాలనే తలుపు వేశాడు, అది తప్పు అని స్టూడియోవారు కాగితం మీద రాయాలి. వేళ్ళు నయమై తిరిగి వచ్చేదాకా తన కుర్చీ తనకు ఉంచాలి. ఇంత చిన్న కోరిక వెనుక ఏదో పెద్ద ఉద్దేశం ఉండి ఉంటుందని యాజమాన్యానికి అనుమానం కలిగింది. విచారణ ఎవరిచేత జరిపించాలి? తెల్లవారి లేస్తే మంచిచెడ్డలను తూకం వేయడమే పనిగా ఉన్నవారు కథల గదివారు. వారికంటే అర్హులు దొరకరని తీర్మానించారు. మలుపు మాస్టారు అధ్యక్షులు. సంభాషణలు రాసే అక్క ఒక సభ్యురాలు. బూడిద దొరకు గొంతు ఇచ్చే బాబాయి మరొక సభ్యుడు. ఆయన ఏడుపు సహజంగా ఉంటుందని ఊరంతా పేరు.

అద్దాల గదిలో, పొడుగాటి బల్ల ముందు విచారణ మొదలైంది. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని అమ్మాయి కూర్చుంది. పక్కన ఆమె పిన్ని. పిన్ని బస్సు టికెట్ల కౌంటరులో పనిచేస్తుంది. మనుషులు వరుస తప్పితే గొంతు పెంచకుండానే వెనక్కి పంపగల మనిషి. విచారణకు పిన్నులు రావచ్చునా అన్న విషయంలో నియమం కోసం వెతికారు. అది దొరికేలోగా ఆమె కూర్చుంది.

ముందుగా దర్శకుణ్ణి పిలిచారు. ఆయన నిజానికి దాపరికం లేని మనిషి.

“నేనే వేశానండి,” అన్నాడు. “కోపం వచ్చింది. చెయ్యి కనపడింది. అయినా వేశాను.”

పిన్ని సంచి భుజానికి తగిలించుకుని లేచింది.

“అయిపోయింది కదమ్మా, పద.”

“కూర్చోండమ్మా,” అన్నారు మలుపు మాస్టారు నొచ్చుకుంటూ. “ఇంకా మొదలే కాలేదు.”

నేరాంగీకారాన్ని సంఘం తిరస్కరించింది. కారణాలు సహేతుకమైనవే. మొదటి దృశ్యంలోనే ఒప్పేసుకుంటే తరువాత ప్రేక్షకుడు ఏం చేయాలి? పైగా ‘కోపం వచ్చింది, వేశాను’ అన్న మాటలో లోతు లేదు, పొర లేదు. ఇంత పలుచని మనిషిని తమ స్టూడియో ఇన్నేళ్ళుగా దర్శకుడిగా భరిస్తున్నదంటే నలుగురిలో నగుబాటు. కనుక ఆయనకు లోతు కల్పించడం సంస్థ ప్రతిష్ఠకు సంబంధించిన విషయమైంది. సంభాషణల అక్క కలం తీసుకుని, చిన్నతనంలో ఆయనను ఎవరైనా గదిలో పెట్టి తలుపు వేశారా అని మృదువుగా అడిగింది.

“లేదండి. మా ఇంట్లో తలుపులు ఎప్పుడూ తీసే ఉండేవి.”

“మీ నాన్నగారు కొట్టేవారా?”

“అబ్బే. చాలా నెమ్మదస్తులండి. పొద్దున కూడా ఫోన్ చేశారు, చలిగా ఉంది స్వెటర్ వేసుకోరా అని.”

అక్క కలం కింద పెట్టేసింది. గొంతు బాబాయి తల పట్టుకున్నాడు. ఇటువంటి బాల్యంతో ఏ రచయిత అయినా ఏం చేయగలడు? ఏదో ఒకటి ఉండి ఉంటుంది, తొందర లేదు, బాగా ఆలోచించుకోమని మాస్టారు బతిమాలారు. దర్శకుడు సహకరించే స్వభావం కలవాడు. కళ్ళు మూసుకుని ఆలోచించి, ఒక కుక్క ఉండేదన్నాడు. గదిలో దీపం వెలిగినట్లయింది. పోయిందా అని ముగ్గురూ ఒక్కసారే అడిగారు. పక్కింటివాళ్ళకు ఇచ్చామని, ముసలిదయ్యేదాకా సుఖంగా బతికిందని ఆయన విన్నవించుకున్నాడు. పరవాలేదు, కుక్క ఉన్నది కదా, మిగతాది తాము చూసుకుంటామని సంఘం హామీ ఇచ్చింది.

కాఫీ విరామం తరువాత కుక్క వానలో బయట ఉండిపోయింది. మరికొంత చర్చ జరిగాక తలుపు లోపలినుంచి గడియ పడి ఉంది. గడియ అందనంత పొట్టివాడైన పిల్లవాడు లోపల ఉన్నాడు. సాయంత్రానికి కుక్క తలుపును గోళ్ళతో గీకి గీకి చనిపోయింది. అప్పటినుంచి తెరిచి ఉన్న తలుపును చూస్తే ఆ పిల్లవాడికి గుండె దడ. వేయకుండా ఉండలేడు. గొంతు బాబాయి ఈ భాగాన్ని బూడిద దొర గొంతుతో చదివి వినిపించాడు. దర్శకుడు మొదట ఆశ్చర్యంగా, తరువాత శ్రద్ధగా విన్నాడు. చివరికి బల్ల మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చాడు. తన బాల్యం అంత దుర్భరంగా గడిచిందని ఆయనకు ఆ సాయంత్రమే తెలిసింది.

మరునాడు శబ్దగ్రాహకుణ్ణి సాక్షిగా పిలిచారు. తాను రెండడుగుల దూరంలో కాఫీ కప్పుతో నిలబడ్డాననీ, దర్శకుడు చేతిని చూసి మరీ తలుపు వేయడం కళ్ళారా చూశాననీ అతడు చెప్పాడు. సంఘం ధన్యవాదాలు తెలిపింది. అయితే సాక్ష్యమంతా ఒకే కోణంలో ఉన్నదని, అదే సంగతిని తలుపు వైపునుంచి చెప్పగలరా అని కోరింది. ఆ తలుపు బిగించినప్పుడు తాను దగ్గరే ఉన్నాననీ, దానికి వైపులే తప్ప అభిప్రాయాలు లేవనీ అతడు మనవి చేసుకున్నాడు. సహకరించని సాక్షిగా నమోదు చేసుకున్నారు.

మిగిలింది అమ్మాయి. ఈమె విషయంలో వచ్చిన చిక్కు దర్శకుడి విషయంలో వచ్చినదానికి సరిగ్గా తలకిందులు. ఒక్క మచ్చ అయినా లేని మనిషిని ప్రేక్షకులు నమ్మరు. ఆమె మేలు కోరే ఒక లోపం వెతకవలసి ఉన్నదని మాస్టారు ఎంతో ఆప్యాయంగా వివరించారు.

“మీకు ఆయన మీద పగ ఏమైనా ఉందా అమ్మా?”

“ఇప్పుడుందండి.”

“అంతకు ముందు?”

“లేదు.”

తోటివారిని విచారించారు. వేళకు వస్తుందన్నారు. ఒకరి కుంచె ముట్టుకోదన్నారు. సంఘం నిరాశలో మునిగిపోతున్న వేళ, ఎవరో ఒక సంగతి గుర్తు చేశారు. ఒకనాడు దర్శకుడు పని చెబితే, ఆమె తెర మీదినుంచి తల ఎత్తకుండానే “చూస్తాను సార్” అన్నదట. సంభాషణల అక్క ముఖం వికసించింది. ఎదుటివారి వంక చూడకపోవడం కూడా ఒక విధంగా తలుపు వేయడమే కదా అన్నది. ఈ వాక్యానికి బల్ల చుట్టూ చప్పట్లు పడ్డాయి.

“అయితే ఆ తలుపులో ఆయన వేళ్ళు ఎన్ని పడ్డాయో చూపించమనండి,” అన్నది పిన్ని.

విచారణ మర్యాదలను పాటించవలసిందిగా పిన్నిని హెచ్చరించారు.

తీర్పు చెప్పే రోజున అద్దాల గది చాలక, సభను నడవాలోకి మార్చారు. మలుపు మాస్టారు గొంతు సవరించుకున్నారు. “మిత్రులారా, తప్పు ఒప్పు అనేవి చిన్నపిల్లల బొమ్మలకు వేసే రంగులు. మనం పెద్దలకు బొమ్మలు వేసేవాళ్ళం. ఈ సంఘటనలో ఇద్దరు గాయపడ్డారు. ఒకరి గాయానికి కట్టు ఉంది, అందరికీ కనిపిస్తుంది. మరొకరి గాయానికి ఆ అదృష్టం కూడా లేదు. ఒక తలుపు వాన కురిసిన నాడు పడింది. ఇంకొక తలుపు తల ఎత్తకుండా ‘చూస్తాను’ అన్న నాడు పడింది. మూడో తలుపు గురించి మాత్రమే మాట్లాడుకోవడం మన సంస్కారానికి తగదు. ఇద్దరూ ఒకరినొకరు క్షమించుకుని ఆలింగనం చేసుకోవలసిందిగా సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.”

దర్శకుడు చేతులు చాచి ముందుకు వచ్చాడు. ఆయన కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి. అమ్మాయి కదలలేదు.

“తలుపు ఆయనే వేశారు,” అన్నది. “ఆయనే చెప్పారు. మీరంతా విన్నారు. ఆ ఒక్క మాట రాయండి చాలు.”

మలుపు మాస్టారు జాలిగా నవ్వారు. “అది మొదటి ముసాయిదా అమ్మా. దాన్ని మనం ఎప్పుడో దాటి వచ్చేశాం.”

ఆలింగనానికి నిరాకరించినందువల్ల ఆమెలో సంఘం ఇన్నాళ్ళూ వెతికిన లోపం అప్రయత్నంగా దొరికింది. చివరి కాగితంలో దానిని చేర్చారు. కుర్చీ విషయం కూడా తేల్చేశారు. విరిగిన వేళ్ళతో ఆమె కూర్చోదు కనుక కూర్చోగలిగిన వేళ్ళు ఉన్నవారికి ఇచ్చారు.

ఇంత మంచి కథ నడవాలో వృథా కారాదని యాజమాన్యం భావించింది. దర్శకుడి సొంత బాల్యమే ఆధారమన్న ప్రకటనతో ‘బూడిద దొర బాల్యం’ అనే ప్రత్యేక భాగం తయారైంది. వానలో కుక్క, గడియ అందని పిల్లవాడు, గొంతు బాబాయి ఏడుపు. ఊళ్ళు ఎందుకు తగలబడుతున్నాయో ప్రజలకు తొలిసారిగా అర్థమైంది. వేళ్ళు విరిగిన అమ్మాయి పాత్ర కూడా అందులో ఉండేది కాని, ఆమె వచ్చినప్పుడల్లా హాస్యం కుంటుపడుతున్నదని కూర్పరి ఆమెను రెప్పపాటుకు కుదించాడు. రెప్ప వేయనివారికి ఆమె కనిపిస్తుంది. ఆ భాగానికి మానవీయ విలువల బహుమతి వచ్చింది.

అప్పటికీ బుద్ధి రాని పిన్ని, అమ్మాయిని వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకు వెళ్ళింది. అధికారి ఎంతో గౌరవంగా కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించి, అంతా విన్నాడు. దర్శకుడి పేరు వినగానే కలం మూసేశాడు.

“ఆయనా? మా ఇంట్లో అందరం ఏడ్చామండి. ఆ కుక్క, పాపం.”

“ఆ కుక్క బాగానే బతికింది బాబూ, ముసలిదై పోయింది,” అన్నది పిన్ని. “ఈ పిల్ల చెయ్యి చూడండి.”

ఆయన చూశాడు. ప్రతి విషయానికీ రెండు వైపులు ఉంటాయని, తాను కూడా ఈమధ్యనే తెలుసుకున్నానని, చాలా మృదువుగా చెప్పి పంపించాడు.

ఆ ప్రత్యేక భాగం చూసినవారి నుంచి స్టూడియోకు వరదలా ఫోన్లు వచ్చాయి. బూడిద దొర వేళకు తింటున్నాడా, రాత్రులు నిద్ర పడుతున్నదా అని జనం కంట తడితో అడిగారు. రెప్పపాటు కనిపించి పోయిన అమ్మాయి గురించి అడిగినవారు ఒక్కరే. ఇంతకూ ఆ అమ్మాయి ఆయనను ఏమన్నదండీ అని. నిదానమైన గొంతు అట, చదువుకున్న గొంతు అట, న్యాయం తెలుసుకోవాలన్న తపన ఉన్న గొంతు అట. ఆ మనిషి మీరు కాదని మాకు తెలుసు. మీకు ఫోను చేయవలసిన అవసరం లేదు. ఆ రోజు గుమ్మంలో ఆమె ఏమన్నదో మీరు చదివే ఉన్నారు. చదివి నవ్వుకున్నారు. నవ్వుకుంటూనే, నలుగురిలో అంత మాట అనకుండా ఉండవలసింది అని కూడా అనుకున్నారు.