పైడమ్మ బరువుకి సరిపోయిన మనిషి

ఇంజను దింపిన బండిలో టార్క్ కన్వర్టర్ మళ్ళీ పూర్తిగా లోపలికి దిగాలంటే, ఆ బండిలో ఎప్పుడూ తిరిగినవాళ్ళంతా వచ్చి ఎవరి చోట్లో వాళ్ళు కూర్చోవాలి. గాజువాక షెడ్లలో ఇది అందరికీ తెలిసిన సంగతే. చనిపోయినవాళ్ళకి బదులు మనుషుల్ని పంపడానికి ఒక ఆఫీసు కూడా ఉంది. పొద్దున్నే తెరుస్తారు, భోజనం వేళకి మూస్తారు, మళ్ళీ తెరిచేదీ లేనిదీ గుమస్తా నిద్రని బట్టి ఉంటుంది.

ఆ ఆఫీసు గడప తొక్కడం ఇష్టం లేక సూరిబాబు చాన్నాళ్ళు నెట్టుకొచ్చాడు. ఇంజను ఇంటిముందు రేకుల కింద మూడుకాళ్ళ స్టాండుకి గొలుసుతో వేలాడుతూనే ఉంది. ఈలోగా రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు వచ్చారు. సోమవారానికి తనంతట తాను కదలని బండి ఏదైనా తుక్కులోకే పోతుందని చెప్పి, ముగ్గుపిండితో గీత గీసి వెళ్ళారు. గీత బండి కిందనుంచే పోయింది.

అది ఆటోమేటిక్ గేర్ల బండి. ఇంజనుకీ గేర్లకీ మధ్య, మూతి బిగించిన బిందెలా కన్వర్టర్ ఉంటుంది, నిండా ఆయిలు. ఇంజను ఆయిలుని తిప్పుతుంది, ఆయిలు గేర్లని తిప్పుతుంది. మధ్యలో ఇనుము ఇనుముని ముట్టుకోదు. దాన్ని గేరుపెట్టె ఇరుసు మీదికి ఎక్కించి, చేత్తో తిప్పుతూ మెల్లగా నెడితే మూడుసార్లు టక్కుమంటుంది. మూడోది రాకుండా ఇంజను బిగించారా, లోపల పంపు ముక్కలైపోతుంది. సూరిబాబు బండికి రెండు వచ్చి ఆగిపోయాయి.

"బావా, మా అక్క నేకుండా ఇది దిగదు. ఆఫీసుకెల్లు," అన్నాడు మెకానిక్కు దాలినాయుడు. సూరిబాబు చనిపోయిన భార్య పైడమ్మకి తమ్ముడతను. కారెక్కితే వాంతులని ఏనాడూ ఆ బండి ఎక్కలేదు కాబట్టి, బయట నిలబడి పనిచేయడానికి ఇంటివాళ్ళలో అతనొక్కడే మిగిలాడు.

ఆఫీసులో గుమస్తా తలెత్తకుండా అడిగాడు. "మీ ఆవిడ బరువెంతండీ?"

"తెలీదు బాబూ."

"ఆస్పత్రిలో ఆఖరున తూస్తారు కదా. ఆ చీటీ ఇవ్వండి."

చీటీ సూరిబాబు జేబులోనే ఉంది. తీయలేదు. "ఆ చీటీలో ఉన్నది మా ఆవిడ కాదు."

"మరి ఆధారం?"

"బెల్లం."

బండి కొన్న ఏడు పైడమ్మ అనకాపల్లి నూకాలమ్మకి తన ఎత్తు బెల్లం మొక్కుకుంది. ఓ దిమ్మ మిగుల్తుందని ముందురోజునుంచీ మెతుకు ముట్టకుండా వచ్చి తక్కెట్లో కూర్చుంది. అయినా ఆరు దిమ్మలు తూగాయి, ఏడో దాన్ని సగం కొట్టారు. అమ్మవారు చూసీచూడనట్టు ఊరుకుంది.

"బెల్లం చెల్లుతుంది," అన్నాడు గుమస్తా.

"ఏడో దిమ్మ మొత్తం వేసుకోండి. తిని ఉంటే ఏడూ తూగేది."

గుమస్తా వేసుకున్నాడు.

బయటికొచ్చాక సూరిబాబుకి తన మనసు తనకే అర్థమైంది. బండి బతకాలి. కానీ ఎవరో పరాయి మనిషి కూర్చుంటే ఆ మూడో టక్కు రాకూడదు. పైడమ్మ ఎవరో, దారిన పోయేవాళ్ళు ఎవరో బండికి తెలియాలి.

మర్నాడు వరహాలమ్మ అనే ఆవిడ క్యారేజీ పట్టుకుని వచ్చింది. పొద్దున్నే కూర్మన్నపాలెంలో ఒకరికి అత్తగారిగా కూర్చుని, అటునుంచటే వచ్చానంది. ముందు సీట్లో ఎడంపక్క కూర్చుని చెంగు సర్దుకుంది. వెనక సీట్లో సూరిబాబు చెల్లెలు అప్పలనరసమ్మ అప్పటికే ఉంది.

"మా వదిన అలాగ కూకోదు. తలుపుకి ఆనుకుని కూకుంటాది," అంది అప్పలనరసమ్మ.

"ఆనుకోడం మా రూల్సులో నేదమ్మా. బరువొక్కటే."

"మాటాడుతాది కూడా."

"అదీ నేదు."

సూరిబాబు స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఈ బండికి క్లచ్ లేదు కాబట్టి అతని ఎడమకాలికి పనిలేదు, మడిచి కింద పెట్టుకోవడం అలవాటు. ఆ కాలి పని కూడా పైడమ్మే చేసేది. భీమిలి రోడ్డులో మలుపు వస్తే చాలు, తనవైపు లేని బ్రేకు మీద కాలు నొక్కిపెట్టి "మెల్లగా" అనేది. అతను మెల్లగానే పోతున్నా అనేది. ఆ మడమ కింద చాప అరిగి, ఓ పకోడీ అంత చిల్లు పడింది. ఇప్పుడు సూరిబాబు ఓరగా చూశాడు. వరహాలమ్మ మడమ సరిగ్గా ఆ చిల్లులోనే ఉంది.

ముందునుంచి దాలినాయుడు తిప్పుతున్నాడు. టక్. ఇంకాస్త నెట్టాడు. టక్.

సూరిబాబు స్టీరింగు గట్టిగా పట్టుకుని, తన ఒంటిని సీటుమీదనుంచి బెత్తెడు పైకి లేపాడు.

"బావా," దాలినాయుడు కేకేశాడు. "ఏటా పని? బండి నీది, రోడ్డోలు నీ సుట్టాలు కాదు. సరిగ్గా కూకో."

ఎంతసేపని లేచి ఉంటాడు? కూర్చున్నాడు.

టక్.

అంత మెత్తగా పైడమ్మ ఉన్నప్పుడు కూడా ఎన్నడూ దిగలేదు. అప్పలనరసమ్మ "అయ్యో" అని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. వరహాలమ్మ దిగి క్యారేజీ అందుకుంది.

"మీది కూడా ఓసారి తూయించీసుకోండి అన్నయ్యా. మల్లీ ఇంజను దింపినప్పుడు మీవోళ్ళు ఎతుక్కోనక్కర్నేదు."

సోమవారం బండి గీత దాటింది. ఎప్పటిలాగే వెళ్ళింది. సూరిబాబు దాంట్లోనే ఆఫీసుకి వెళ్ళి కాటా ఎక్కాడు. వెంటనే దిగి, చెప్పులు విప్పి మళ్ళీ ఎక్కాడు. చెప్పులతో ఏనాడూ నడపలేదు.

గుమస్తా ముల్లు చూశాడు. "మీకేం ఫర్వాలేదండీ. మీకు సరిపోయేవాళ్ళు మన దగ్గర ముగ్గురున్నారు."

ఆ మాటకి సూరిబాబు గుండె ఎందుకో కుదుటపడింది.

"ఎడమకాలు మడిచి కూర్చోవాలని వాళ్ళకి చెబుతారా?"

"అది రూల్సులో లేదండీ."

"సరే బాబూ," అని సూరిబాబు చెప్పులు వేసుకున్నాడు.